"ఏ ఏజెంటు పంపిస్తన్నాడు?"

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో విదేశం వెళ్ళడం వింతేం కాదు. కవిటి, సోంపేట, మందస, ఏ ఊరి వీధిలోకి వెళ్ళినా మస్కట్‌లోనో దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో ఉన్న మగమనిషి ఒకడుంటాడు. వెల్డింగో షట్టరింగో రిగ్గింగో చేసి డబ్బు పంపిస్తాడు. అది రివాజు. ఇక్కడ దాచిన డబ్బు పట్టుకెళ్ళి అక్కడ ఖర్చుపెట్టి రావడమనేది మాత్రం మావాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కదు. 2025 ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా కిరాణా కొట్టు దగ్గర్నుంచి ఎయిర్‌పోర్టు దాకా నన్నడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏ ఏజెంటు పంపిస్తన్నాడు?"

నాకు 36 ఏళ్ళు. పెళ్ళి కాలేదు. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పన్నెండేళ్ళు చరిత్ర చెప్పాను. ఏటా పిల్లల్ని ముఖలింగం తీసుకెళ్ళి మధుకేశ్వరుడి గుడి చూపించడం, వంశధార ఒడ్డున పులిహోర తినిపించి వెనక్కి తేవడం. కళింగపట్నం నుంచి ఓడలు తూర్పు దేశాలకు వెళ్ళేవని అదే నోటితో పన్నెండేళ్ళు చెప్పి, నేను మాత్రం భువనేశ్వర్ దాటలేదు. లావోస్‌లో వాట్ ఫూ అని కొండ మీద ఒక శివాలయం ఉంది, వియత్నాంలో మీ సన్ అని శివాలయాల గుంపే ఉంది. ఆ రెండూ చూడాలి. థాయ్‌లాండ్‌లో దిగి, లావోస్ మీదుగా వియత్నాం వెళ్ళి, హనోయ్ నుంచి వెనక్కి. 74 రోజులు. చేతిలో ఉన్నది 2,40,000.

మొదటి అడ్డంకి మా కాలేజీ బీరువాలోనే ఉంది. ప్రైవేటు కాలేజీల్లో పనిచేసినవాళ్ళకి తెలుసు, చేరినరోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టించుకుంటారు. నా పాస్‌పోర్టు పనికి పదో తరగతి సర్టిఫికెట్ కావాలి. అది చూపిస్తే ఈసీఆర్, అంటే వలస తనిఖీ కావాలనే ముద్ర, పడదు. పడితే గల్ఫ్ దేశాలు, థాయ్‌లాండ్, మలేషియా కలిపి 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్ళేటప్పుడు ముందు క్లియరెన్స్ తీసుకోవాలి. నేను ఉద్యోగానికి వెళ్ళడం లేదు కదా, అయినా మా నాన్న పాస్‌పోర్టు మీద ఆ ముద్ర చూసి పెరిగినవాణ్ణి, నాదాన్లో ఉండకూడదని పట్టు. ఫిబ్రవరి 3న ప్రిన్సిపాల్‌ని అడిగాను. "కెనడాకా?" అన్నాడాయన. కాదు సార్, ఊరికే తిరగడానికి అన్నాను. నమ్మలేదు. పదకొండు రోజులు తిప్పి, పది రోజుల్లో తిరిగి ఇస్తానని కాగితం మీద సంతకం పెట్టించుకుని 14న ఇచ్చారు. నా పదో తరగతి సర్టిఫికెట్ నాకే అప్పు. ఇచ్చిన గడువు దాటినా నేను తిరిగి ఇవ్వలేదు, అది వేరే కథ.

ఈలోగా ఆధార్ పని. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, పదో తరగతిలో పూర్తిగా ఉంది. మనవాళ్ళలో సగంమందికి ఇదే బాధ. 50 రూపాయలు, 12 రోజులు పట్టింది. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు, అక్షరం అక్షరం చూసుకుని ఇవ్వండి. పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు. మా బావ వదిలేశాడు, ఇప్పటికీ ఏ టికెట్టు కొన్నా ఇంటిపేరు గడిలో ఏం రాయాలో తెలీక తల పట్టుకుంటాడు.

ఫిబ్రవరి 20న 1,500 కట్టి దరఖాస్తు చేస్తే మార్చి 6కి విశాఖ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో తేదీ దొరికింది. ఇంటర్ పరీక్షల రోజులు, ఇన్విజిలేషన్ ఇంకొకరికి అప్పజెప్పి తెల్లవారుజామున బస్సెక్కాను. లోపల ఏ, బీ, సీ అని మూడు రకాల కౌంటర్లు. ఏ దగ్గర ఫొటో, వేలిముద్రలు, కాగితాల స్కానింగ్. బీ దగ్గర కాగితాల పరిశీలన. సీ దగ్గర ఆఖరి మాట. గంటా ఇరవై నిమిషాల్లో బయటపడ్డాను. మార్చి 19న కానిస్టేబుల్ ఊరికి వచ్చాడు. ఇద్దరు ఇరుగుపొరుగుల ఆధార్ నకళ్ళు తీసుకుని, కొబ్బరి బొండం తాగి, వెళ్తూ వెళ్తూ "ఏ ఏజెంటు?" అన్నాడు.

ఏప్రిల్ 2న స్పీడ్ పోస్టులో పాస్‌పోర్టు వచ్చింది. దరఖాస్తు పెట్టిన నాటి నుంచి 41 రోజులు. పోస్ట్‌మ్యాన్ నా చేతికే ఇచ్చాడు కానీ, ముందు విప్పింది నాన్న. వరండాలో కుర్చీ వెలుగులోకి జరుపుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో పేజీ బొటనవేలితో తడిమాడు. ఖాళీ పేజీలు. అన్నీ తిప్పాడు. నాన్న 1995లో మస్కట్ వెళ్ళాడు, షట్టరింగ్ కార్పెంటరు. 2009లో వచ్చేశాడు. ఆ పద్నాలుగేళ్ళూ ఆయన పాస్‌పోర్టు కంపెనీవాళ్ళ దగ్గరే. సెలవు మీద వచ్చే రోజు ఎయిర్‌పోర్టులో చేతికిచ్చేవారు, మళ్ళీ దిగగానే తీసుకునేవారు. ఆయన చెప్పగా నేనెప్పుడూ వినలేదు, అమ్మ చెప్పింది. ఆ రోజు మూసి నా చేతిలో పెట్టి నాన్న అన్నది ఇది: "ఎవుడికీ ఇవ్వకు. దేవుడొచ్చి అడిగినా ఇవ్వకు."

ఏప్రిల్ 30న ఉద్యోగం మానేశాను. జులై చివర బయల్దేరాలని లెక్క. అప్పటి పథకంలో కంబోడియా కూడా ఉంది. ఆంగ్‌కోర్ గుళ్ళు చూడకుండా ఎలా? జూన్‌లో థాయ్‌లాండ్, కంబోడియాల మధ్య సరిహద్దు దారులు మూసేశారు. జులై 24న ఫిరంగులే పేలాయి. మా ఇంట్లో ఎప్పుడూ పెట్టని వార్తల ఛానల్ ఆ వారమంతా మోగింది. "ఓలమ్మో, నీకేటి కర్మరా బాబూ, సెయ్యి కాళ్ళు సక్కగుంటే ఇక్కడుండలేవా?" అని అమ్మ. మా అప్ప, అంటే అక్క, టెక్కలి నుంచి రోజూ ఫోను. అప్పకి కోపమొస్తే తిట్టదు, జాబితాలు రాస్తుంది. ఏ దేశంలో మన ఎంబసీ ఎక్కడుందో, ఫోన్ నంబర్లేమిటో ఒక పుస్తకంలో రాసి పంపింది. కంబోడియా తీసేసి, ప్రయాణం సెప్టెంబరుకి జరిపాను. ఉద్యోగం లేకుండా ఇంట్లో కూర్చున్న ఆ నాలుగున్నర నెలలు ఈ మొత్తంలో కష్టమైన భాగం. ఎవరింటికి పెళ్ళికి వెళ్ళినా "ఇంకా ఎల్లలేదా?" అంటారు. వెళ్ళమని కాదు, ఏజెంటు మోసం చేశాడేమోనని జాలి.

వియత్నాం ఈ-వీసా సంగతి. టౌన్‌లో ఒక ట్రావెల్స్ అతను 4,500 అడిగాడు. ప్రభుత్వ రుసుము 25 డాలర్లు. దరఖాస్తు పెట్టే సైటు పేరు గవ్ డాట్ వీఎన్ అని ముగియాలి. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు వెతుకులాటలో పైన వస్తాయి, వాటిలో దూరితే మూడింతలు వదులుతుంది. ఎక్కడ దేశంలో అడుగుపెడతారో ముందే రాయాలి. నేను లావోస్ వైపు నుంచి లావో బావ్ అనే సరిహద్దు చౌకీ రాశాను. మూడు పనిరోజులన్నారు. ఆగస్టు 28న కట్టాను. వారం గడిచినా ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత తట్టింది, సెప్టెంబరు 2 వాళ్ళ జాతీయ దినం, అందులోనూ ఎనభయ్యోది, దానికి ముందునుంచే వరుస సెలవులు. 5న వచ్చింది. చరిత్ర మాస్టారై ఉండి హో చి మిన్ స్వాతంత్ర్య ప్రకటన చదివిన తేదీ మర్చిపోయాను.

అదే ట్రావెల్స్ అతను రిటర్న్ టికెట్ బదులు 500కి డమ్మీ టికెట్ చేసిస్తానన్నాడు. వెళ్ళే టికెట్ 8,900 పెట్టి కొన్నాను, కలకత్తా నుంచి బ్యాంకాక్. నవంబరు 30న హనోయ్ నుంచి వెనక్కి వచ్చేది 9,700. అసలుదే కొన్నాను. ఇన్సూరెన్సు 3,150. డాలర్లు విశాఖలో 89 చొప్పున 400 తీసుకున్నాను. నోట్లు మడత లేకుండా, కొత్తవి అడగండి. సరిహద్దుల్లో నలిగినవి పక్కన పెట్టేస్తారని విని, నావి పాత అట్లాస్ పుస్తకంలో పెట్టుకుని తెచ్చాను.

నా టికెట్‌కి చేతిసంచి ఏడు కిలోలే. తూకానికి కాశీబుగ్గలో మా బావ జీడి గోడౌన్‌కి వెళ్ళాను. ఎనభై కిలోల పిక్కల బస్తాలు తూచే కాటా మీద నా బ్యాగు పెడితే పిల్లకాయలా కూర్చుంది. 9 కిలోల 400. పిక్కలు కాల్చే పొగ, కలాసీలు చుట్టూ మూగారు. బావకి పనిదొరికింది. బస్తాకి తరుగు తీసినట్టు ఒక్కోటీ తీసి పక్కన పెట్టాడు: రెండో జీన్సు 700, నాన్న ఇచ్చిన మస్కట్ టర్కీ తువ్వాలు 600, కిలో చోడిపిండి, చెప్పుల జత, వాట్ ఫూ మీద నేను జిరాక్స్ తీసిన కాగితాలు. కాగితాలు మళ్ళీ లోపల పెట్టాను. "అవి తింతావా?" అన్నాడు. తువ్వాలు బదులు సన్న తుండుగుడ్డ. 6 కిలోల 900. ఒక కలాసీ బ్యాగు లేపి చూసి "రెండున్నర నెల్లకి ఇంతేనా? మా తమ్ముడు దుబాయికి నలభై కేజీలు తీసికెల్లాడు" అన్నాడు. నిజమే. వాడు అక్కడ బతకడానికి వెళ్ళాడు.

సెప్టెంబరు 10న అమ్మ పట్టుబట్టి రక్తపరీక్ష చేయించింది. ఉద్దానంలో జ్వరమొచ్చినా, పెళ్ళి కుదిరినా, ప్రయాణమైనా ముందు చూసేది కిడ్నీలెలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్. మా వీధిలో నాలుగిళ్ళ వాళ్ళు డయాలసిస్‌కి పలాస వెళ్ళొస్తుంటారు. నాది 1.0 వచ్చింది. అమ్మ ఆ కాగితం దేవుడి దగ్గర పెట్టింది.

16న పొద్దున్న పలాసలో రైలెక్కాను. నాన్న స్టేషనుకి వచ్చాడు కానీ బండి కదలకముందే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళినప్పుడు మేం అలాగే చేసేవాళ్ళం, బండి కదిలేదాకా నిలబడితే అమ్మ ఏడుస్తుందని. రాత్రి హౌరాలో దిగి 900కి ఒక లాడ్జి గది తీసుకున్నాను. ఫ్యాను గాలి కింద పడుకుంటే అప్పుడు వచ్చింది భయం. బ్యాంకాక్ గురించి కాదు. రేపట్నుంచి 74 రోజులు తెలుగులో మాట్లాడేవాళ్ళు ఎదురుపడరు, ఒంట్లో బాగోకపోతే చెప్పుకోడానికి ఎవరూ ఉండరు అని. ఒంటిగంటకి లేచి, వెనక్కి వెళ్ళే బండికి తత్కాల్ ఉంటుందా అని ఫోన్‌లో చూశాను. చూశానని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఇంకో చిన్న ప్రమాదం తప్పింది. నా విమానం 18వ తేదీ, అర్ధరాత్రి దాటాక 12:50కి. అంటే 17 రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి. నేను 18 రాత్రి అనే లెక్కలో ఉన్నాను, ఆగస్టులో అప్ప పుస్తకంలో ఎర్ర సిరాతో రాసి పెట్టబట్టి సరిపోయింది. అర్ధరాత్రి దాటిన విమానాలు కొనేవాళ్ళు క్యాలెండరు దగ్గర పెట్టుకోండి. థాయ్‌లాండ్‌కి డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, దిగే రోజుకి మూడు రోజుల ముందు నుంచే తీసుకుంటారు, రుసుము లేదు. లాడ్జిలోనే నింపాను.

ఎయిర్‌పోర్టులో కౌంటరు దగ్గర బ్యాగు తూస్తే 7 కిలోల 200. పోనిచ్చారు. మరి ఈ 300 గ్రాములు ఎక్కడివి? ఇమిగ్రేషన్ దాటాక సెక్యూరిటీ దగ్గర తెలిసింది, ముందు ఇమిగ్రేషన్ చెప్తాను.

అధికారి పాస్‌పోర్టు తిప్పాడు. మొదటిసారా? అవునండి. పని? చూడ్డానికి. ఒక్కరేనా? ఒక్కణ్ణే. ఉద్యోగం? ఏప్రిల్‌లో మానేశాను. పెళ్ళి? లేదు. ఊరు? శ్రీకాకుళం జిల్లా. నా జవాబులు నాకే వినిపిస్తున్నాయి, ఒక్కోటీ పేకాటలో తప్పుముక్కలా పడుతోంది. పక్కకి వచ్చి కూర్చోమన్నాడు. 35 నిమిషాలు. నా పాస్‌పోర్టు ఆయన బల్ల మీద. నా కళ్ళు దాని మీదే. ఆయన్ని నేను తప్పుపట్టను. 2024 మే నెలలో విశాఖ పోలీసులు కంబోడియా నుంచి వెనక్కి తెచ్చింది నాలాంటి మనవాళ్ళనే. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు పంపితే సైబర్ మోసాల ముఠాల చేతిలో పడ్డవాళ్ళు. ఒంటరి, నిరుద్యోగి, మొదటి ప్రయాణం, బ్యాంకాక్. ఆయన స్థానంలో ఉంటే నేనూ ఆపేవాణ్ణి.

తర్వాత ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. హనోయ్ టికెట్ అడిగాడు, ఫోన్‌లో సరి చూశాడు. డమ్మీ అయితే అక్కడితో ఆఖరు. బ్యాంకు స్టేట్‌మెంట్ చూశాడు. "ఏ ఏజెంటు?" అన్నాడు హిందీలో. ఏడు నెలల్లో ఎన్నోసారో. ఎవరూ లేరండి అన్నాను. "లావోస్‌లో ఏముంది?" అన్నాడు.

అడక్కూడనివాణ్ణి అడిగాడు. వాట్ ఫూ అన్నాను. ఆంగ్‌కోర్ కంటే ముందునుంచే పూజలందుకున్న చోటు, కొండ శిఖరమే లింగం ఆకారంలో ఉంటుంది, అందుకే దానికి లింగపర్వతం అని పేరు, 2001లో యునెస్కో జాబితాలో చేరింది, మా ముఖలింగంలో ఇప్పచెట్టు మొదలే లింగమైందంటారు, అంటే చూడండి, అక్కడ కొండ, ఇక్కడ చెట్టు... జిరాక్స్ కాగితాలు తీశాను. నా హిందీ ఎలాంటిదో నాకు తెలుసు, సగం ఇంగ్లీషు, సగం చేతులు. నాలుగో నిమిషంలో ఆయన చెయ్యెత్తాడు, వెనక బెంచీ వాళ్ళు గంట కోసం చూసినట్టు చూసి, పాస్‌పోర్టు కౌంటరుకి పంపేశాడు. ముద్ర పడింది.

సెక్యూరిటీ దగ్గర స్కానర్‌లో ఏదో గుండ్రంగా కనబడిందని బ్యాగు తెరిపించారు. అడుగున, లోచొక్కాలో చుట్టి, ఒక కురిడీ కొబ్బరికాయ. అమ్మ. ఎండు కొబ్బరి నూనె దిగే వస్తువు, మంట అంటుకుంటుందని విమానంలోకి రానివ్వరట. ఇంటి పెరట్లో చెట్టుది, అటకమీద నెలల తరబడి ఎండింది. చెవి దగ్గర పెట్టి ఆడిస్తే లోపల గడగడమంటుంది. ఆడించి చూసి, ట్రేలో పెట్టేశాను. అమ్మకి తిన్నానని చెప్పాను.

బ్యాంకాక్ డాన్ మ్యుయాంగ్ ఎయిర్‌పోర్టులో దిగేసరికి వాళ్ళ టైము ఐదు దాటింది. థాయ్ ఇమిగ్రేషన్ ఒక్క ప్రశ్నా అడగలేదు, అరవై రోజుల ముద్ర వేసి పంపేశారు. అసలు చిక్కు ఏటీఎం దగ్గర. కార్డు రెండుసార్లు వెనక్కి తోసింది. మన కార్డుల్లో విదేశీ వాడకం మొదట్లో ఆపేసి ఉంటుంది, బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి మనమే తెరవాలి. విశాఖలో ఐదు నిమిషాల పని. ఇక్కడ ఎయిర్‌పోర్టు వైఫై పట్టుకుని, నేలమీద కూర్చుని, 25 నిమిషాలు. ఎంత తీసినా ఏటీఎం వాడు అప్పట్లో 220 బాత్‌లు పట్టుకునేవాడు, మన డబ్బుల్లో 600 పైన. వెయ్యి, రెండు వేలు తీయకండి, తీసేదేదో ఒకేసారి తీయండి.

సిమ్ కొన్న రసీదు మీద సంవత్సరం 2568 అని ఉంది. తప్పు పడిందనుకుని అమ్మాయికి చూపించబోయి ఆగాను. బుద్ధ శకం. మనకంటే 543 ఎక్కువ. పాఠంలో చెప్పిందే, రసీదు మీద చూస్తే మాత్రం ఒక్క క్షణం పట్టింది. ఎర్ర లైను రైలుకి అప్పట్లో 20 బాత్‌లు. ఇంకో రెండు రైళ్ళు మారి స్టేషను బోర్డు చూస్తే రాచ్చథేవీ అని ఉంది. నోట్లో రెండుసార్లు అనుకున్నాక తెలిసింది, రాజదేవి. ఆ క్షణంలో ఎవరికైనా చెప్పాలనిపించింది, మా కాలేజీ హెచ్ఈసీ క్లాసు పిల్లలకైనా. పక్కన ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు.

గెస్ట్‌హౌస్‌లో గది రోజుకి 450 బాత్‌లు. కౌంటరు దగ్గర అరవై ఏళ్ళావిడ చెయ్యి చాపింది: పాస్‌పోర్టు. నేను ఇవ్వలేదు. పేజీ తెరిచి చూపించాను, వదల్లేదు. ఆవిడ నవ్వి, లాగింది. నేను పట్టుకున్నాను. ఇద్దరం ఒక్క క్షణం అలా దాని రెండు చివరలు పట్టుకుని నిలబడ్డాం. చివరికి ఆవిడే కౌంటరు చుట్టూ తిరిగొచ్చి, నా చేతిలో ఉండగానే తన ఫోన్‌తో ఫొటో తీసుకుని, తాళంచెవి ఇచ్చింది. రిజిస్టరు చేయడానికి అంతే కావాలి. సిగ్గేసింది.

గదిలో బ్యాగు పడేసి ఇంటికి వీడియో ఫోను చేశాను. అమ్మ తిన్నావా అంది. అప్ప ముద్ర తేదీ సరిగ్గా పడిందో లేదో చూడమంది, నవంబరు 16 దాకా అని ఉంది, చెప్పాను. ఫోను నాన్న చేతికి వెళ్ళింది.

"పాస్‌పోర్టు ఏదీ?"

"జేబులో ఉంది నాన్నా."

"సూపించు."

తీసి కెమెరాకి దగ్గరగా పెట్టాను. కళ్ళజోడు వెతుక్కుంటున్న చప్పుడు. ఎంతసేపూ ఏమీ అనడు. లైను తెగిందనుకున్నాను.

"సరే, సరే. లోపలెట్టుకో. ఫోను సార్జింగెట్టుకున్నావా?"